చెక్క తాళం

మా వీధిలో ఎవరింటి ముందైనా జనం పోగయ్యారంటే లోపల ఏదో పెద్ద గొడవే జరుగుతోందని అర్థం. ఆ రోజు పొద్దున్నే మా ఇంటి ముందు పోగయ్యారు. గొడవేమీ లేదు. మా కారు ముందు చక్రం గాలి పోయి నేలకు అంటుకుపోయింది, అంతే. దానికే ఒకాయన పళ్ళు తోముకుంటూ వచ్చి నిలబడ్డాడు. ఎదురింటావిడ చంకలో మనవరాలిని వేసుకుని మరీ వచ్చి, "అయ్యో, ఇంక నడవదా?" అంది. ఆ అడగడంలో జాలి కంటే సరదా ఎక్కువ వినపడి నాకు ఒళ్ళు మండింది.

కొండపల్లిలో మాది బొమ్మలు చేసే ఇల్లు. పొణికి కర్రను కోసి బొమ్మ చెక్కడం మా ఆయన పని. చెక్కిన కాళ్ళూ చేతులూ తొండాలూ మక్కుతో అతికించి రంగులు వేయడం నా పని. మక్కు అంటే చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి ఉడికించిన ముద్ద. మా ఇళ్ళల్లో కూర వండని పూట ఉంటుందేమోగానీ మక్కు కలపని పూట ఉండదు. తయారైన సరుకు అమ్ముకోవడానికి ఒకప్పుడు వ్యాపారి వ్యాను కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసేవాళ్ళం. అతను వచ్చినప్పుడే రావడం, నచ్చిందే తీసుకోవడం, "ఏనుగులు పోవట్లేదమ్మా" అని మిగిలినవి మా మొహాన పడేసి పోవడం. ఆ బాధ పడలేకే ఎవరో వాడి అమ్మేసిన కారు కొనుక్కున్నాం. వెనక సీటు మడిచి, అట్టపెట్టెలు పేర్చుకుని, విజయవాడ నుంచి బందరు దాకా షాపులకు మేమే వెళ్ళి ఇవ్వడం మొదలుపెట్టాం. మా సరుకు ఎవరికివ్వాలో మేమే చెప్పుకోగలగడం ఎంత హాయో అప్పుడు తెలిసింది.

ఆ హాయి ఎక్కువ కాలం నిలవలేదు. మా ఆయన మెట్ల మీంచి జారి కుడికాలు విరగ్గొట్టుకున్నారు. రాడ్డు వేశారు. నడుస్తారు గానీ బ్రేకు గట్టిగా తొక్కలేరు. మళ్ళీ ఆ వ్యాను కోసం వీధిలోకి తొంగి చూడాలా? చచ్చినా చూడననుకున్నాను. నెరిసిన జుట్టుతో డ్రైవింగ్ స్కూల్లో చేరాను. నేర్పే ఆయన మొదట్లో తన వైపు బ్రేకు మీంచి కాలు తీయలేదు, నాలిక మీంచి దేవుడి పేరు తీయలేదు. అయినా నేర్చుకున్నాను. ఇప్పుడు బెంజి సర్కిల్ దగ్గర సిటీ బస్సు హారన్ కొడితే నేను ఇంకా గట్టిగా కొడతాను.

మా బావగారికి, అంటే మా ఆయన అన్నగారికి, ఇది మొదట్నుంచీ గిట్టలేదు. ఆయన ఇల్లు పక్కవీధిలోనే. "మరదలు స్టీరింగు పట్టుకుని సెంటర్లో తిరుగుతుంటే నలుగురూ నన్నడుగుతున్నారమ్మా" అనేవారు. అడిగే ఆ నలుగురూ ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. అన్నగారి మాటకు మా ఆయన ఎదురు చెప్పగా నేనెప్పుడూ చూడలేదు. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిందని చెప్పింది కూడా అన్నగారే. ఈయన తల ఊపారు.

సరే, చక్రం సంగతి. ముందురోజు ఇబ్రహీంపట్నం దాటాక రోడ్డు మీద పడి ఉన్న రేకు ముక్క మీదికి ఎక్కించాను. టైరు పక్క చీలింది. తెల్లారేసరికి గాలంతా పోయింది. పంచరు షాపాయన్ను పిలిపిస్తే వచ్చి చూసి, "ఇది పంచరు కాదమ్మా, టైరే పోయింది. స్టెప్నీ వెయ్యాల్సిందే" అని స్పానర్ తీశాడు. ఒక్కో నట్టూ విప్పుకుంటూ వచ్చి చివరిదాని దగ్గర ఆగిపోయాడు.

"ఇది లాక్ నట్టమ్మా. దొంగలు చక్రం ఊడదీయకుండా పెడతారు. దీని తాళం చిన్న ఇనప ముక్క ఉంటది, మొహాన పువ్వులాగా. అది ఇందులో పెట్టి తిప్పితేనే ఊడిద్ది. ఏదీ?"

డిక్కీలో లేదు. సీటు కింద లేదు. వెతుకుతున్న మా ఆయన చేతులు మెల్లగా ఆగిపోయాయి. "దసరాకి అమ్మవారి ముందు పెట్టాం గదా..." అన్నారు.

దసరాకు మా ఇళ్ళల్లో పనిముట్లన్నీ పూజకు పెడతాం. ఉలులు, ఆకురాళ్ళు, రంపాలు, కుంచెలు, వాటి పక్కన కారు జాకీ, స్పానరు, ఈ ఇనప ముక్క. పండగయ్యాక జాకీ, స్పానరు తిరిగి డిక్కీలోకి వచ్చాయి. మరి ఆ ముక్క? గుమ్మంలో నిలబడి ఉన్న అత్తయ్య అప్పుడు నోరు విప్పింది.

"ఆ ఇనప పువ్వా? మధ్యలో గుంట ఉంది గదా అని పసుపు ముద్ద పెట్టి అగరొత్తులు గుచ్చాను. ఎంత చక్కగా నిలబడ్డాయో! పండగెళ్ళాక పూలతోపాటు సంచిలో కట్టి నీకే ఇచ్చాను గదరా, కృష్ణలో కలపమని."

మా ఆయన తల దించుకున్నారు. ఇబ్రహీంపట్నం ఫెర్రీ రేవు దగ్గర సంగమంలో ఆ సంచిని భక్తిగా నీళ్ళలో వదిలి, దణ్ణం పెట్టుకుని, నెత్తి మీద నీళ్ళు చల్లుకుని వచ్చింది ఆయనే.

"తాళాన్ని కృష్ణలో కలిపారా?" అన్నాడు పంచరు షాపాయన. వీధి వీధంతా నవ్వింది. అత్తయ్య మాత్రం ఒక్క మెట్టు కూడా దిగలేదు. "మరి అమ్మవారి ముందు పెట్టిందాన్ని కాళ్ళ కింద పడేస్తామా? ఆ తల్లికి కావాల్సొచ్చింది గామాలు, ఉంచుకుంది" అని లోపలికి వెళ్ళిపోయింది. నాకు కోపం, నవ్వు ఒకేసారి వచ్చి దగ్గు పట్టుకుంది.

పంచరు షాపాయన మంచివాడే, వదిలేసి పోలేదు. కొంచెం బిగుతుగా ఉండే సాకెట్ ఒకటి తెచ్చి నట్టు మీద పెట్టి సుత్తితో దబదబా దిగ్గొట్టాడు. మామూలు లాక్ నట్టయితే అలా కొడితే సాకెట్ పట్టేస్తుందట, దాంతో తిప్పేయొచ్చట. మాది అదో రకం. నట్టు పైన విడిగా ఒక తొడుగు ఉంది. సాకెట్‌తోపాటు ఆ తొడుగు గిరగిరా తిరిగిందే గానీ లోపలి నట్టు ఇసుమంత కదల్లేదు. పైగా సుత్తి జారి చక్రం మీద ఒక గీత పడింది. నేను వేసిన కేకకు ఆయన సుత్తి కింద పెట్టేశాడు.

"వెల్డింగు పెట్టి లాగొచ్చమ్మా. వేడికి చక్రం పాడైపోతే మాత్రం నన్ననొద్దు. చూడండి, నాలుగు చక్రాలకీ ఇట్టాంటివే ఉన్నాయి" అని చేతులెత్తేశాడు.

సరిగ్గా అప్పుడే బావగారు వచ్చారు. చక్రం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, తమ్ముడి వైపు తిరిగారు.

"పీడా పోద్దిరా. నాకెరికైనోడు ఒకడు పాత బళ్ళు కొంటాడు. ఆదివారం పొద్దున తీసుకొస్తా. ఉన్నదున్నట్టు లారీ మీద ఎత్తుకుపోతాడు. కాలు బాగాలేనోడికి కారెందుకసలు?"

"నేను నడుపుతున్నాను గదండీ బావగారూ" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "ఆడాళ్ళకెందుకమ్మా ఈ తిప్పలు? ఇంటిపట్టున కూర్చుని రంగులేసుకోక" అని కారు బానెట్‌తో చెప్పారు.

"అట్టాగే అన్నయ్యా" అన్నారు మా ఆయన. తల కూడా ఊపారు.

లోపలికి వచ్చాక నేను ఊరుకుంటానా! అరికాలి మంట నెత్తికెక్కింది. "మళ్ళీ ఆ వ్యానువాడి కాళ్ళ దగ్గర కూర్చోవాలా నేను? ఆదివారం లోపు చక్రం ఊడదీస్తే కారు అమ్మనని మాటివ్వండి" అన్నాను. ఆయన గోడకేసి చూస్తూ, "ముందు ఊడనియ్యి" అన్నారు. ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. ఆ మనిషి నుంచి అంతకంటే రాదని నాకు తెలుసు. ఆ కాస్తనే పట్టుకున్నాను.

మధ్యాహ్నం ఆ కోపంలోనే ఏనుగులకు తొండాలు అతికిస్తూ కూర్చున్నాను. ఒక ఏనుగుకు తొండం తలకిందులుగా అతికించి, దాన్ని పీకి, మళ్ళీ అతికించి, ఇక లాభం లేదని లేచాను. వెళ్ళి ఆ నట్టును నాలుగు తిట్టి రావాలనిపించింది. నిజంగా తిట్టడానికే వెళ్ళాను. చక్రం ముందు గొంతుక్కూర్చుని, "ఏమే, నీకెంత పొగరే" అంటూ దాని మొహం మీద వేలు పెట్టి నొక్కాను. నట్టు మొహాన సన్నటి గాడి ఒకటి పువ్వు అంచులా మెలికలు తిరిగి ఉంది. వేలు వెనక్కి తీసుకునేసరికి, వేలి కొసకు అంటుకున్న మక్కు మీద ఆ మెలిక అచ్చు దిగి ఉంది.

నేను వేసిన కేకకు అత్తయ్య, "ఏమైందే, పాముగానీ వచ్చిందా?" అని పరిగెత్తుకొచ్చింది.

పోయింది తాళమే గానీ, తాళం పట్టే గాడి నా కళ్ళ ముందే ఉంది! గాడి ఉంటే అందులో పట్టే ముక్కను చేసుకోలేమా? ఏనుగు మీద అంబారీని ఏం చేసి కూర్చోబెడుతున్నాం ఇన్నాళ్ళుగా? గాడికి కాస్త నూనె రాసి, మెత్తటి మక్కు ముద్ద తెచ్చి కూరాను. మొదటిది విరిగి వచ్చింది. రెండోది అందంగా వచ్చింది. పువ్వు మొత్తం దిగింది. ఒక రేకు మిగతావాటికంటే వెడల్పుగా ఉందని కూడా అప్పుడే కనిపించింది. ఎగిరి గంతేసి దాన్ని ఎండలో పెట్టాను. ఎండాక తెచ్చి పెడితే గాడిలో వదులుగా అటూ ఇటూ ఆడింది.

"మక్కు ఎండితే కుంచించుకుపోద్దని ఇప్పుడే తెలిసిందా నీకు?" అన్నారు మా ఆయన అరుగు మీంచి. ఆ "ముందు ఊడనియ్యి" తర్వాత ఆయన నోరు విప్పడం అదే. పళ్ళు కొరుక్కున్నాను గానీ ఆయనన్నది నిజమే.

అయితే చెక్కతో చేస్తాను! ఆ మక్కు పువ్వును ముందు పెట్టుకుని, దానికంటే ఒక వెంట్రుకవాసి పెద్దగా పొణికి ముక్క మీద గీసుకుని చెక్కడం మొదలుపెట్టాను. పొణికి మెత్తటి కర్ర, గోటితో నొక్కినా నొక్కు పడుతుంది. అంత సన్నటి అంచు దాని మీద తీయడం మాటలు కాదు. తీసినప్పుడల్లా విరిగింది. విరిగినప్పుడల్లా నేను నట్టును, వ్యానువాణ్ణి, బావగారిని వరసగా తిట్టుకున్నాను. ఒకసారి తిట్టడం ఆపి తలెత్తితే పక్కన మా ఆయన కూర్చుని ఉన్నారు. నా చేతిలోంచి ముక్క తీసుకున్నారు. చిన్న ఉలితో ఆ మెలికలు ఒక్కొక్కటే తీయసాగారు.

తర్వాత పని ఇద్దరిదీ. నేను గాడి లోపల కుంచెతో ఎర్రరంగు పూయడం, ఆయన చెక్క తాళం అందులో పెట్టి తీయడం. ఎక్కడ ఎరుపు అంటితే అక్కడ గీసుకుంటోందన్నమాట. అక్కడ కాస్త అరగదీయడం. మళ్ళీ రంగు, మళ్ళీ పెట్టడం. దీపాలు పెట్టే వేళకు చెక్క పువ్వు గాడిలోకి మెత్తగా దిగి కూర్చుంది. అటు ఆడలేదు, ఇటు ఆడలేదు. నాకు కళ్ళు చెమర్చాయి. మా ఆయన ఉలి తుడుచుకుంటూ, "చెక్కతో తిప్పితే నట్టు ఊడదు. ఉక్కుతో చేయించాలి" అన్నారు. నాకు తెలియదా!

మర్నాడు ఆ చెక్క పువ్వును జేబురుమాల్లో చుట్టుకుని విజయవాడ బస్సెక్కాను, ఆటోనగర్‌కు. లారీ ఇంజన్ను ముక్కలుగా పట్టుకెళ్ళినా తిరిగి ఇంజన్‌గా చేసిచ్చే చోటు అది. మొదటి రెండు షాపులవాళ్ళు నా రుమాలు విప్పగానే నవ్వారు. మూడో షాపులో లేత్ మిషన్ మీద ఉన్న పెద్దాయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు.

"చెక్క తాళం తెచ్చారేందమ్మా? బొమ్మల కారుకా?"

"బొమ్మలు మోసే కారుకండీ" అన్నాను. "నవ్వడం అయిపోతే పని చూడండి. ఇది మా నట్టులో సరిగ్గా పట్టుద్ది. వెంట్రుక తేడా లేదు. దీన్నే ఉక్కులో దించాలి. వెనకవైపు స్పానర్ పట్టేట్టు పలకలు తియ్యాలి. మీవల్ల అయిద్దా, పక్క షాపుకి పొమ్మంటారా?"

ఆయన ఇంకోసారి నవ్వాడు, ఈసారి వేరేగా. పువ్వును వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూశాడు. "ఎవరు చెక్కారు?"

"నేనూ, మా ఆయనా."

"ఈ రేకు వెడల్పు కూడా పట్టారే!" అన్నాడు. పాత లారీ ఇరుసు ముక్క ఒకటి మిషన్‌కు బిగించాడు. ఎక్కడా తొందరపడలేదు. మిషన్ మీద తీయగలిగింది తీసి, మిగతాది ఆకురాయి పట్టుకుని చేత్తోనే అరగదీశాడు. మాటిమాటికీ నా చెక్క పువ్వు పక్కన పెట్టి కొలుచుకున్నాడు. చివర్లో ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే బుస్సుమంటూ పొగ లేచింది. చల్లారాక నా చేతిలో పెట్టాడు. ఆ బరువు చూసి నాకు ఎంత సంతోషం వేసిందో! "పట్టకపోతే వెనక్కి తీసుకురండి" అని, కాస్త మొహమాటంగా, "ఈ చెక్కది నాకిస్తారా? మిషన్ మీద పెట్టుకుంటా" అన్నాడు. ఇచ్చేశాను. వచ్చేటప్పుడు లాక్‌ల గొడవ లేని మామూలు నట్లు కూడా కొనుక్కొచ్చాను.

శనివారం సాయంత్రం ఎండ తగ్గాక చక్రం ముందు కూర్చున్నాను. ఈసారి జనం ఇంకా ఎక్కువ పోగయ్యారు. పంచరు షాపాయన కూడా దుకాణం వదిలేసి వచ్చాడు. ఉక్కు పువ్వు గాడిలో పెట్టాను. సగం దిగి ఆగింది. వెనక ఎవరో "ప్చ్" అన్నారు. నేను వెనక్కి తిరిగి ఒక చూపు చూశాను, నోళ్ళు మూతపడ్డాయి. ఎర్రరంగు పూసి చూస్తే వెడల్పు రేకు దగ్గర అంటింది. మా ఆయన ఆకురాయితో నాలుగు గీతలు గీశారు. మళ్ళీ పెట్టాను. టక్కున లోపలికంటా వెళ్ళి కూర్చుంది.

స్పానర్ తగిలించి లాగాను. కదల్లేదు. స్పానర్‌కు పొడుగాటి పైపు తొడిగి లాగాను. కదల్లేదు. అత్తయ్య గుమ్మంలోంచి, "లాగడమేంటే, ఎక్కి నిలబడు! తిన్నదంతా ఎక్కడికి పోయింది?" అని అరిచింది. కొంగు నడుముకు బిగించి, కారు పైభాగం పట్టుకుని, పైపు మీద ఎక్కి నిలబడ్డాను. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత కిర్రుమని పెద్ద చప్పుడు, నా కాళ్ళ కింద పైపు మెల్లగా కిందికి దిగింది. ఉక్కు పువ్వు విరిగిందేమోననుకున్నాను. వంగి చూస్తే పువ్వు చెక్కుచెదరలేదు. నట్టే తిరిగింది!

వీధంతా ఈలలు. ఎదురింటావిడ చంకలో పాప కూడా చప్పట్లు కొట్టింది. మిగతా మూడు చక్రాలవీ ఉంచబుద్ధి కాలేదు, అవీ తీసి పడేశాను. చివరిదాన్ని పంచరు షాపాయన "నేనొకటి తిప్పుతానమ్మా, ఒక్కటి" అని బతిమాలి తిప్పుకున్నాడు. స్టెప్నీ బిగించి, అన్నిటికీ మామూలు నట్లు వేసి, నేనే నడుపుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాను. హారన్ కొట్టాల్సిన అవసరం ఎక్కడా రాలేదు గానీ, దారంతా కొట్టాను.

ఆదివారం పొద్దున బావగారు ఆ బళ్ళు కొనే ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చారు. కారు నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంది. బావగారు చక్రాల వైపు చూశారు, నట్ల వైపు చూశారు. నేను గుమ్మంలో నిలబడి, ఆయన నోరెళ్ళబెడతారని ఎదురుచూశాను. ఆయన అదేమీ చేయలేదు.

"చక్రం ఊడొచ్చిందే! ఇంకా మంచిది, మంచి బేరం వస్తది" అని తమ్ముడి ముందు చెయ్యి చాచారు. "ఏరా, తాళాలియ్యి."

అంత పనీ చేసి, ఆ పైపు మీద ఎక్కి గెలిచింది దీనికా? అరుగు మీద మా ఆయన సగం చెక్కిన గుర్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆయన తల ఎటు ఊగుతుందో నాకు తెలుసు. చూడలేక నేలకేసి చూశాను.

గుర్రాన్ని పక్కన పెట్టిన చప్పుడు వినపడింది. ఆ కాలుతో లేచి నిలబడటానికి ఆయనకు కాస్త సమయం పడుతుంది. నిలబడ్డారు.

"తాళాలు నా దగ్గర లేవన్నయ్యా."

"మరెవరి దగ్గరున్నాయి?"

"బండి ఎవరిదో వాళ్ళ దగ్గర. అది మా ఆవిడ బండి. అమ్మాలో వద్దో తననే అడుగు."

బావగారు తమ్ముడి మొహంలోకి చాలాసేపు చూశారు. మా ఆయన మెడ ఎటూ ఊగలేదు. అప్పుడు బావగారు మెల్లగా నా వైపు తిరిగారు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ కాఫీ ఉందా అని తప్ప ఆయన నన్ను ఏదీ అడిగి ఎరగరు.

"ఏమ్మా..." అన్నారు. గొంతు సవరించుకున్నారు. "అమ్ముతావా?"

చక్రం కూలబడిన రోజు నుంచీ ఆయనకు చెప్పాల్సినవి నా లోపల ఎన్ని పోగేసి పెట్టుకున్నానో! వ్యాను సంగతి, ఆ నలుగురి సంగతి, బానెట్‌తో మాట్లాడిన సంగతి. నోరు తెరిస్తే ఒక్కటీ రాలేదు. మా ఆయన ఇంకా నిలబడే ఉన్నారు, ఆ కాలు మీదే బరువంతా పెట్టి.

"అమ్మను బావగారూ" అన్నాను. నా గొంతు అంత చిన్నగా రావడం మా వీధి ఎప్పుడూ విని ఉండదు.